మనోవైద్యుని సమాధానాలు: బాగైందని మందు మానేస్తే

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా ఆయనకు 46 ఏళ్లు. వరుసగా రెండేళ్లు వేరుశనగ చేతికి రాలేదు. ఆ తరువాత నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందని, తల బరువుగా ఉందని, కడుపులో గ్యాస్ అని చెబుతూ చేను వైపు వెళ్లడమే మానుకున్నారు. తలకు స్కానింగు, కడుపుకు ఎండోస్కోపీ చేయిస్తే ఏమీ లేదన్నారు. గాలి సోకిందని పెద్దవాళ్లు అంటే తాయెత్తు కట్టించాము. చివరికి అనంతపురంలో మానసిక వైద్యుడు మాత్రలు రాస్తే రెండు నెలల్లో మళ్లీ మామూలు మనిషయ్యారు. అవి అలవాటైపోతాయని మందుల షాపులో అన్నారని మానిపించాము. ఇప్పుడు మునుపటికంటే ఎక్కువైంది. "నేను లేకుంటే మీకీ అప్పుల బాధ తప్పుతుంది" అంటున్నారు. బెంగళూరుకు తీసుకెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది ఆయన అన్న ఆ చివరి మాట. దానిని కోపంలోనో విసుగులోనో అన్నదిగా తీసుకోకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని పక్కన కూర్చుని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలా మంది భయపడతారు గాని, అలా జరగదు. లోపల దాచుకున్నది ఒకరితో చెప్పుకోగలిగినందుకు రోగికి కొంత ఉపశమనమే కలుగుతుంది. ఇంట్లో ఉన్న పురుగుమందుల డబ్బాలన్నీ ఈ రోజే తీసి, ఆయనకు తెలియని చోట తాళం వేసి గాని, నమ్మకమైన బంధువుల ఇంట్లో గాని పెట్టించండి. ఇటువంటి తలంపు తీవ్రంగా వచ్చేది చాలాసార్లు కొద్ది సేపే. ఆ సేపు పురుగుమందు చేతికి అందకపోతే ప్రాణం దక్కుతుంది. ఆయన అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రి వేళ ఏమి చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక జబ్బు విషయం. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది డిప్రెషన్ అనిపిస్తోంది. దిగులు గాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గాని రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఉంటూ, నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతిని, తాను దేనికీ పనికిరాననే భావన తోడైతే వైద్యులు ఆ పేరు పెడతారు. మన ప్రాంతంలో "దిగులుగా ఉంది" అంటూ వచ్చే మగవాళ్లు తక్కువ. తలనొప్పి, గ్యాస్, నరాల బలహీనత అంటూ వస్తారు. అందుకే ముందు స్కానింగులకు డబ్బు ఖర్చవుతుంది, అసలు జబ్బు చివరికి బయటపడుతుంది. పంట పోవడం, అప్పు దీనికి దారి తీసి ఉండవచ్చు. అయితే కారణం కళ్లెదుట కనిపిస్తోంది కదా అని దీనిని జబ్బు కాదనుకోవడం పొరపాటు. అప్పు తీరే వరకు ఆగవలసిన వైద్యం కాదిది. నిజానికి మనసు కుదుటపడితేనే అప్పు గురించి బ్యాంకుకు వెళ్లి మాట్లాడే ఓపిక ఆయనకు వస్తుంది.

ఆయనకు ఇచ్చినవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి డిప్రెషన్ మాత్రలైతే, అవి సారాయిలా వేసుకునే కొద్దీ ఇంకా కావాలనిపించే వ్యసనానికి దారి తీయవు. వాటితో తేడా తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణం కనిపించడానికి ఆరు వారాల వరకు పడుతుంది. మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం, కొంచెం ఆందోళన ఉండవచ్చు. లక్షణాలు పూర్తిగా తగ్గిన తరువాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. అప్పటికి ముందే మానితే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి వస్తాయి కనుక వైద్యుడు మోతాదు మెల్లగా తగ్గిస్తాడు. మానినప్పుడు కలిగే ఈ ఇబ్బందిని చూసే జనం "అలవాటు" అంటారు. ఇది నేను వారానికోసారైనా వివరించవలసి వస్తున్న సంగతి. కౌంటరు దగ్గర ఊరికే ఇచ్చే సలహాకు ఎంత మూల్యం చెల్లిస్తున్నారో ఆ షాపు వారికి తెలియదనే అనుకుంటాను.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పాత మాత్రలు మీకు మీరే ఇవ్వకండి. ఆయనకు గతంలో ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర అక్కరలేనంత హుషారు, విపరీతమైన ఖర్చులు, పెద్ద పెద్ద మాటలు ఉండి ఉంటే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి. అది బైపోలార్ జబ్బు కావచ్చు; దానికి ఈ మాత్రలు మాత్రమే ఇస్తే మనిషి మరోవైపు ఎగసిపడతాడు. మద్యం అలవాటుంటే అదీ దాచకండి.

మందుతో పాటు చేయవలసింది ఒకటుంది. మనసు బాగుపడితే చేనుకు వెళతానని ఆయన అంటారు. ఈ జబ్బులో ముందు కదలాలి, ఉత్సాహం ఆ తరువాత వస్తుంది. ఉదయం గట్టు దాకా నడవడం, ఎద్దులకు నీళ్లు పెట్టడం, రచ్చబండ దగ్గర కొంతసేపు కూర్చోవడం వంటి చిన్న పనిని వేళ పెట్టుకుని, మనసున్నా లేకున్నా చేయించండి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన తీవ్ర డిప్రెషన్ రోగులకు, వైద్యులు కాని సాధారణ వ్యక్తులే శిక్షణ పొంది ఈ పద్ధతి నేర్పితే మంచి గుణం కనిపించిందని 2017లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. "ధైర్యంగా ఉండు" అని రోజుకు పదిసార్లు చెప్పడం కంటే చేయి పట్టుకుని గట్టు దాకా వెంట నడవడం మేలు.

బెంగళూరు అక్కరలేదు. మీకు పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలోనే, మానసిక వైద్యాన్ని పల్లె ఆరోగ్య కేంద్రాల్లో అందించవచ్చని బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు 1980లలో చేసి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రికి ఒకసారి వెళ్లి మానేయడం కంటే, దగ్గరలో ఉన్న వైద్యుని దగ్గరకు నెలనెలా వెళ్లడం మీవారికి ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు బస్సులో కోచింగ్‌కు వెళతాను. ఒకరోజు బస్సులో గుండె దడ, చెమటలు, ఊపిరాడక చచ్చిపోతానేమో అన్నంత భయం కలిగాయి. ఈసీజీ, ఎకో మామూలుగా ఉన్నాయి. అప్పటి నుంచి బస్సెక్కాలంటే ఆల్ప్రాజోలం వేసుకోవలసి వస్తోంది.
– ఒక విద్యార్థిని, కర్నూలు జిల్లా

జవాబు: తల్లీ, ఇది పానిక్ అటాక్. అపాయం ముంచుకొచ్చినప్పుడు శరీరంలో విడుదలయ్యే అడ్రినలిన్ ఏ అపాయమూ లేకుండానే విడుదలైతే గుండె వేగం పెరుగుతుంది. వేగంగా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. సాధారణంగా పది నిమిషాలలోపే తారస్థాయికి చేరి, తరువాత దానంతట అదే తగ్గుతుంది. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించకపోయి ఉంటే ఒకసారి చేయించుకో. టీ, కాఫీలు తగ్గించు.

ఆల్ప్రాజోలం ఆ పూటకు భయాన్ని అణచుతుంది కాని జబ్బును నయం చేయదు. పై ఉత్తరంలోని మాత్రలకు పొరపాటున అంటగట్టిన అలవాటు అసలు దీనికే ఉంది. అలాగని రోజూ వేసుకుంటున్నట్లయితే ఒక్కసారిగా మానకూడదు, మూర్ఛలు రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో తగ్గించాలి. భయపడిన చోటికి వెళ్లకపోతే భయం పెరుగుతుంది కనుక అంచెలంచెలుగా వెళ్లడమే దీనికి అసలైన చికిత్స. మొదట ఎవరినైనా తోడు తీసుకుని గోనెగండ్ల దాకా, అది తేలికయ్యాక కోడుమూరు దాకా, ఆ పైన కర్నూలు దాకా, చివరకు ఒంటరిగా వెళ్లు. మధ్యలో దడ వస్తే వెంటనే దిగిపోవద్దు. ఊపిరి మెల్లగా వదులుతూ అది తగ్గేదాకా కూర్చో. దీనిని సైకాలజిస్టు పర్యవేక్షణలో చేస్తే సులువు. అవసరమైతే వైద్యుడు సెర్ట్రాలిన్ వంటిది కూడా ఇస్తాడు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో ఉన్న మా చెల్లెలు ప్రసవించి ఆరు వారాలైంది. ఊరికే ఏడుస్తోంది, బిడ్డను ఎత్తుకోవాలన్నా భయపడుతోంది. దిష్టి తగిలిందంటున్నారు. పాలిచ్చే తల్లి డిప్రెషన్ మాత్రలు వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కాన్పైన మొదటి రెండు వారాల్లో వచ్చే ఏడుపు చాలా మందిలో దానంతట అదే పోతుంది. ఆరు వారాలకూ పోలేదంటే వైద్యం కావలసిన డిప్రెషన్ అనే అనుకోవాలి. దిష్టి తీయించుకోవాలనుకుంటే తీయించండి, దానివల్ల నష్టం లేదు. అంతటితో ఆగిపోతేనే నష్టం. సెర్ట్రాలిన్ తల్లిపాలలోకి చేరేది చాలా తక్కువ కనుక పాలిచ్చే తల్లులకు వైద్యులు ఎక్కువగా దానినే ఎంచుకుంటారు, పాలు మాన్పించనక్కరలేదు. రాత్రి ఒక్క పూట బిడ్డను మీరో, అమ్మగారో చూసుకుని ఆమెను వరుసగా నాలుగైదు గంటలు నిద్రపోనివ్వండి.

కాని ఆమె రాత్రుళ్లు అసలు నిద్రపోకుండా, ఎవరో మాట్లాడుతున్నట్లు వినిపిస్తోందన్నా, ఈ బిడ్డ నాది కాదన్నా, ఇంట్లోవాళ్లను అనుమానిస్తున్నా అది వేరే జబ్బు. అందులో తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం ఉంటుంది. అప్పుడు అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా, బిడ్డను మరొకరి చేతికిచ్చి, ఆమెను ఆ రోజే కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.