మా ఊరి రోడ్డుకు నంబరు ఉంటుందా? గుంతలు పడితే ఎవరిని అడగాలి?

నంబరు ఉంటుంది. కాకపోతే రోడ్డు మీద కంటే ఆఫీసు రిజిస్టరులోనే ఎక్కువ కనిపిస్తుంది.

మీ ఊరి తారు రోడ్డు గుంతలు పడిందనీ, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్ళు తమది కాదంటున్నారనీ, దాని పక్కన కిలోమీటరు రాయికి నారింజ రంగు ఎందుకుందనీ అడిగారు. రంగులోనే సగం జవాబుంది. రాయి తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. నారింజ రాయి ఉన్నది చాలావరకు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసిన రోడ్డే. 2000 డిసెంబరు 25న మొదలైన పథకం అది. మన దగ్గర ఆ పనులు చూసేది పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం. కాబట్టి ఆర్ అండ్ బీ వాళ్ళు మిమ్మల్ని తిప్పించుకోవడం లేదు, నిజమే చెప్పారు.

ఇక నంబరు సంగతి. ఈ రోడ్లకు 'టీ' అనో 'ఎల్' అనో అక్షరం పెట్టి పక్కన అంకె వేస్తారు. నాలుగైదు ఊళ్ళను కలుపుకుంటూ పోయే పెద్ద దారి 'టీ', దాని నుంచి ఒక ఊళ్ళోకి చీలేది 'ఎల్'. అంకెలు మండలం వారీగా వేస్తారు. అందుకే అర్జీలో మండలం పేరు తప్పనిసరి, అదే ఎల్ నంబరు పక్క మండలంలోనూ ఉండొచ్చు.

ఇది నాకు తేలిగ్గా తెలియలేదు. మాది డెల్టాలో ఊరు. "మా ఊరి రోడ్డు బాగు చేయించండి" అని మూడు అర్జీలు పెట్టాను. మూడోసారి ఆఫీసులో గుమస్తా తల ఎత్తకుండానే "ఏ రోడ్డండీ? మీ ఊరికి మూడున్నాయి" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ, ఆలోచిస్తే అతనన్నదే రైటు. కాలవ గట్టు మీద పోయేది ఇరిగేషన్ వాళ్ళది. ఊళ్ళో సిమెంటు రోడ్డు పంచాయతీది. మెయిన్ రోడ్డు నుంచి వచ్చే రెండున్నర కిలోమీటర్ల తారు రోడ్డు ఒక్కటే పంచాయతీరాజ్ వాళ్ళది.

ఆ రోడ్డు మొదట్లో ఒక బోర్డు ఉండాలి, వెతకమన్నాడు. ఉంది. దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, కింద కట్టేసిన గేదె. ఫ్లెక్సీ తీసి, కొబ్బరి పీచుతో రుద్దితే అక్షరాలు తేలాయి. రోడ్డు పేరు, నంబరు, పొడవు, ఖర్చు, కాంట్రాక్టరు పేరు, పని పూర్తయిన తేదీ. ఆ కింద ఐదేళ్ళ మెయింటెనెన్సుకు ఏ ఏడు ఎంతో కూడా రాసి ఉంది. ఆ లైను చూశాకే నాకు విషయం అర్థమైంది. ఈ పథకంలో వేసిన రోడ్డును పూర్తయిన రోజు నుంచి ఐదేళ్ళు అదే కాంట్రాక్టరు చూసుకోవాలి. గుంతలు పూడ్చడం, బెర్ములు (తారుకు రెండు పక్కలా ఉండే మట్టి అంచులు) సరిచేయడం, తూముల్లో పూడిక తీయడం, రాళ్ళకు రంగు వేయడం, అన్నీ అతని పనే. మా రోడ్డుకు ఇంకా ఐదు నెలలు మిగిలి ఉన్నాయి!

నాలుగో అర్జీ వేరేలా రాశాను. మండలం, ఎల్ నంబరు, పూర్తయిన తేదీ, గుంతలు ఎక్కడ నుంచి ఎక్కడి దాకా. ఆ చివరిది ఇంజనీర్ల లెక్కలో రాయాలి. కిలోమీటరు రాయికీ రాయికీ మధ్య 2, 4, 6, 8 అని చిన్న రాళ్ళుంటాయి చూడండి, రెండు వందల మీటర్లకు ఒకటి. ఒకటో కిలోమీటరు దాటాక 2 నుంచి 6 దాకా పాడైతే "1/200 నుంచి 1/600 వరకు" అని రాస్తే చాలు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి వెంటనే అర్థమవుతుంది. డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకున్నాను.

నెలన్నరకు ట్రాక్టరులో కంకర, తారు వచ్చాయి. పని గొప్పగా చేశారని చెప్పను. గుంతను చదరంగా కోసి, దుమ్ము ఊడ్చి, తారు పూసి నింపాలి. వాళ్ళు కొన్నిచోట్ల పైపైన పోసి రోలరు తిప్పేశారు. అవి తొలకరికే లేచిపోయాయి. నిలిచిన ప్యాచీలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

లేచిన చోట అసలు కారణం నీళ్ళు. బెర్ము రోడ్డు కంటే ఎత్తుకు పెరిగి వాన నీరు పక్కకు పోవడం లేదు. ఒక ఆదివారం పదిమందిమి పారలు, గడ్డపారలు పట్టుకెళ్ళి నాలుగు చోట్ల బెర్ము కోసి నీళ్ళకు దారి ఇచ్చాం. దాని వల్ల కలిగిన మేలు ప్యాచీల వల్ల కలగలేదు. దమ్ము చక్రాలతో (పొలంలో బురద కలిపే ఇనుప చక్రాలు) ట్రాక్టర్లు తారు మీదికి రాకుండా ఆపడం మాత్రం మా వల్ల కావడం లేదు. అందరూ మనవాళ్ళే, ఎవరికని చెప్తాం.

మీ రోడ్డుకు ఐదేళ్ళు దాటిపోయి ఉంటే కాంట్రాక్టరును పట్టుకోలేరు. అప్పుడు భారం పూర్తిగా పంచాయతీరాజ్ శాఖదే, నిధులొచ్చే దాకా తిరగాలి. బోర్డే లేకపోతే రోడ్డు నంబరు, పూర్తయిన తేదీ సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ముందు రోడ్డు మొదట్లోకి వెళ్ళి బోర్డు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అందులో ఉన్నదాన్ని బట్టి అర్జీలో ఏం రాయాలో చెప్తాను.