జ్వరం తగ్గింది, విడాల్ మాత్రం పాజిటివ్... మళ్లీ ఇంజెక్షన్లు చేయించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రెండున్నర నెలల కిందట టైఫాయిడ్ వచ్చింది. పది రోజులకు మందులు రాస్తే, నాలుగో రోజుకే జ్వరం తగ్గిందని మానేశాడు. మూడు వారాలకు మళ్లీ పట్టుకుంది. ఈసారి ఆసుపత్రిలో చేర్చి, రక్తం కల్చర్ చేయించి, 14 రోజులూ మందులు వాడించాం. నెల రోజులుగా జ్వరం లేదు, అన్నం బాగానే తింటున్నాడు. నీరసంగా ఉందంటే మా ఊళ్లో విడాల్ పరీక్ష చేయించాం, 1:160 వచ్చింది. ‘రక్తంలో టైఫాయిడ్ ఇంకా ఉంది, ఇంజెక్షన్లు పడాల్సిందే’ అంటున్నారు. నిజమేనా? వాడి ఒంట్లో రోగనిరోధక శక్తి లేకనే ఇలా తిరగబెట్టిందా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, నెల రోజులుగా జ్వరం లేదు, ఆకలి బాగుంది అంటున్నారు. అలాంటి పిల్లాడికి విడాల్ కాగితం ఒక్కటి చూసి ఇంజెక్షన్లు చేయించాల్సిన పని లేదు.

ఆ పరీక్ష ఎలా చేస్తారో చెబితే మీకే అర్థమవుతుంది. గాజు పలక మీద మీ అబ్బాయి రక్తం నుంచి తీసిన సీరం చుక్కలు వేస్తారు. చచ్చిన టైఫాయిడ్ క్రిములు కలిపిన రంగు ద్రవాలు, సాధారణంగా ఒకటి నీలం, ఒకటి ఎరుపు, వాటికి చేర్చి పుల్లతో కలుపుతారు. పలకను ఒక నిమిషం అటూ ఇటూ ఊపుతారు. నున్నగా ఉన్న చుక్క విరిగిన పాలలా రవ్వరవ్వగా అయితే పాజిటివ్. అంటే సీరంలో యాంటీబాడీలు, అంటే క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు, ఉన్నాయి, అవి క్రిములను గుంపులుగా అతికించాయి. అంతే. రక్తంలో బతికున్న క్రిమి ఉందో లేదో ఈ పరీక్ష చెప్పలేదు. జబ్బు పూర్తిగా నయమయ్యాక కూడా యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. 1896 నాటి పరీక్ష ఇది. కల్చర్ (రక్తంలాంటి నమూనాలో బతికున్న క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) సౌకర్యం లేనిచోట కొంత ఆసరాగా ఉంటుందేమో కానీ, జబ్బు తగ్గిందా లేదా అని తేల్చడానికి పనికిరాదు. సీరంను ఎన్ని రెట్లు పలుచన చేసినా క్రిములు అతుక్కున్నాయో చెప్పే ఆ 1:160 లాంటి అంకె దిగడం కోసం బాగున్న పిల్లలకు కూడా సెలైన్లూ ఇంజెక్షన్లూ ఎక్కిస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. అనవసరంగా వాడిన ప్రతి యాంటీబయాటిక్ రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు పనిచేయకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది.

ఇక రోగనిరోధక శక్తి సంగతి. మీ వాడిలో లోపం ఉండి కాదు, ఈ క్రిమే అంత గడుసుది. దీని పేరు సాల్మొనెల్లా టైఫీ. మనిషి ఒంట్లో తప్ప మరే జంతువులోనూ జబ్బు చేయదు. కలుషితమైన నీళ్లతో, తిండితో లోపలికి వెళ్తుంది. కడుపులోని ఆమ్లానికి చాలావరకు చస్తాయి, తప్పించుకున్నవి చిన్నపేగు చివరికి చేరతాయి. పేగులోకి ఏం వస్తోందో పసిగట్టే కాపలా కణాలు అక్కడ ఉంటాయి. ఇది సరిగ్గా వాటి గుండానే గోడ దాటుతుంది.

దాటగానే మాక్రోఫేజ్ అనే రక్షక కణం దాన్ని మింగేస్తుంది. మామూలు క్రిమి అయితే కథ అక్కడితో ముగిసేది. మింగిన క్రిమిని కణం ఒక చిన్న సంచిలో బంధిస్తుంది, జీర్ణరసాలున్న ఇంకో సంచిని దానికి కలిపి కరిగించేస్తుంది. టైఫాయిడ్ క్రిమి మాత్రం సంచిలో కూర్చునే, సూదిలాంటి నిర్మాణంతో తన ప్రొటీన్లను కణంలోకి పంపి, ఆ కరిగించే పని సాగనివ్వదు. అక్కడే పెరుగుతుంది. దాన్ని చంపాల్సిన కణమే దాన్ని మోసుకుంటూ కాలేయానికి, ప్లీహానికి, ఎముక మజ్జకు చేరుస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అదే ఇక్కడ జరిగేది. దీనికి తోడు ‘వీఐ’ అనే చక్కెర పదార్థపు తొడుగు ఒకటి ఉంది. మన రక్షణ వ్యవస్థ ఇట్టే గుర్తుపట్టే భాగాలను అది కప్పేస్తుంది. అందుకే క్రిమి ఒంట్లో చేరిన వారం, రెండు వారాల దాకా చాలామందికి ఏమీ తెలియదు.

ఇప్పుడు ఆ నాలుగో రోజు సంగతి చూడండి. రక్తంలో తిరిగే క్రిములు తగ్గిపోయాయి, జ్వరం దిగింది. కణాల్లో, మజ్జలో దాక్కున్నవి మాత్రం ఉండిపోయి, మందు ఆగాక మళ్లీ పెరిగి ఉంటాయి. పూర్తిగా మందులు వాడినా కొద్దిమందిలో తిరగబెడుతుంది కాబట్టి అబ్బాయిని మరీ తిట్టకండి. మందును బట్టి 7 నుంచి 14 రోజులు వాడమనేది ఆ దాక్కున్నవాటి కోసమేనని మాత్రం చెప్పండి.

కొందరిలో క్రిమి పిత్తాశయంలో, ముఖ్యంగా అక్కడ రాళ్లుంటే, ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాళ్లకు ఏ బాధా ఉండదు, మలంలో మాత్రం క్రిములు పోతుంటాయి. న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్‌ను 1907లో ఇలాగే గుర్తించారు. మీ అబ్బాయికి అంత భయం అక్కర్లేదు. అయితే హాస్టల్ మెస్‌లో వంటకో వడ్డనకో చెయ్యి వేస్తాడంటే, ముందు మలం కల్చర్ చేయించండి.

నీరసం టైఫాయిడ్ తర్వాత కొన్ని వారాలు ఉంటుంది. జావ, బ్రెడ్డు అంటూ పథ్యం పెట్టకండి. అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ పెట్టండి. హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి. మళ్లీ 101 డిగ్రీలకు మించి జ్వరం వచ్చినా, కడుపులో తీవ్రమైన నొప్పి, నల్లటి విరేచనం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

క్రిమి దాక్కునే ఆ వీఐ తొడుగుతోనే టీసీవీ (టైఫాయిడ్ కాంజుగేట్ వ్యాక్సిన్) టీకా తయారుచేస్తారు. హైదరాబాద్‌లో తయారైన అలాంటి టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఒక్క డోసు చాలు, ఆరు నెలల వయసు నుంచి వేయవచ్చు. జబ్బు ఒకసారి వచ్చినా మళ్లీ రాదని హామీ లేదు కాబట్టి, పూర్తిగా కోలుకున్నాక మీ డాక్టర్‌ని అడిగి అబ్బాయికీ వేయించండి. టైఫాయిడ్ లాంటిదే అయిన పారాటైఫాయిడ్ జ్వరాన్ని ఇది ఆపదు, అందుకని హాస్టల్ నీళ్ల విషయంలో జాగ్రత్త తప్పదు. ఆసుపత్రిలో ఇచ్చిన కల్చర్ రిపోర్టును పారేయకండి. దానిలో ఏ మందు పనిచేస్తుందో రాసి ఉంటుంది. మళ్లీ ఎప్పుడైనా జ్వరం వస్తే ఆ కాగితం వెంట తీసుకెళ్లి, మొదటి యాంటీబయాటిక్ వేసుకోకముందే రక్తం కల్చర్‌కు ఇవ్వమని అడగండి.