బోల్ట్ తల అరిగిపోతే ఏం చేయాలి?

ప్రశ్న: పాత బైక్ సైలెన్సర్ బోల్ట్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది, స్పానర్ వేస్తే అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఎలా తీయాలండీ?

జవాబు: ముందు ఆ స్పానర్ పక్కన పెట్టేయండి, ఇంకా తిప్పితే ఉన్న కాస్త పట్టు కూడా పోతుంది. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి దిగే పల్చటి నూనె) కొట్టి రాత్రంతా వదిలేయండి, మధ్యమధ్యలో తల మీద సుత్తితో చిన్నగా తడితే ఆయిల్ మరల్లోకి దిగుతుంది. తర్వాత 12 మూలలది కాదు, 6 మూలల సాకెట్టే టైట్‌గా ఎక్కించి, ఒకేసారి బలమంతా పెట్టకుండా రవ్వంత బిగిస్తూ రవ్వంత వదులు చేస్తూ పోండి, తుప్పు పొడిపొడిగా రాలుతుంది. అప్పటికీ జారితే లాకింగ్ ప్లయర్ (బిగించాక పట్టు వదలకుండా లాక్ అయ్యే కటింగ్ ప్లయర్ లాంటిది) వాడండి. వేడి చేయాలంటే మాత్రం ఆయిల్ పూర్తిగా తుడిచి, పెట్రోల్ ట్యాంక్ విప్పి దూరంగా పెట్టాకే, ఇది అస్సలు మర్చిపోవద్దు. తల తెగిపోతే ఎక్స్‌ట్రాక్టర్ (తెగిన బోల్ట్‌లోకి దించి బయటకు తిప్పే పనిముట్టు) జోలికి పోకుండా లేత్ వర్క్‌షాప్‌లో ఇవ్వండి, ఆ ఎక్స్‌ట్రాక్టర్ లోపల విరిగితే మామూలు డ్రిల్ కూడా దిగదు.