రామాలయానికి మైక్ సెట్ అంటే నా ఓటు వైర్లకే

గుడికి ఆంప్లిఫయర్, గరాటు లాంటి హారన్ స్పీకర్ల పాత సెట్టు కొనాలా, బ్లూటూత్ స్పీకరా అని అడిగారు. మాది కనిగిరి దగ్గర పల్లె. మా మేనమామ మైక్ సెట్లు అద్దెకిచ్చేవాడు. వేసవి సెలవుల్లో ఆయన వెంట హారన్లు మోసి వేపచెట్లకు కట్టినవాణ్ణి, కాబట్టి కాస్త పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నా.

మూడేళ్ల కిందట శ్రీరామనవమికి కుర్రాళ్లు చందాలేసుకుని పెద్ద బ్లూటూత్ స్పీకర్ తెచ్చారు. ముందురోజు ఇంట్లో అదిరిపోయింది. కల్యాణం మధ్యలో ఫోన్ పట్టుకున్నవాడు ప్రసాదం గిన్నెల కోసం గుడి వెనక్కి వెళ్లాడు. పాట ఆగి, 'డిస్‌కనెక్టెడ్' అని ఓ ఆడగొంతు పందిరంతా వినపడేలా పలికింది. ఆ వెంటనే, పొద్దున ట్రయల్‌కి కలిపిన ఇంకొకడి ఫోన్ దానంతటదే తగులుకుంది. వాడు చూస్తున్న పొగాకు రేట్ల వీడియో మైకులో! పంతులుగారు మంగళసూత్రం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మనిషి ఒంట్లోని నీరు పీల్చేస్తుంది. ఇంట్లో బాగా పలికింది జనంలో తడబడడానికి అదొక కారణం.

పాత సెట్టు చెడిపోదని కాదు. ఓ పెళ్లిలో గుయ్యిమని ఒకటే మోత. మామ మైక్ వైరును వేళ్ల మధ్య నలుపుకుంటూ వచ్చి పిన్ను దగ్గర ఆగాడు. విప్పితే లోపల పై అల్లిక వైరు ఊడి ఉంది. పళ్లతో ఒలిచి, మెలేసి, టేపు చుట్టాడు. మోత ఆగిపోయింది. తప్పు ఎక్కడుందో చేతికి తగిలింది, అంతే.

ఊరి చివర హారన్ కట్టాలంటే ఆంప్లిఫయర్ వెనక 100 వోల్టుల లైన్ (దూరపు స్పీకర్ల కోసం ఉండే ఎక్కువ వోల్టేజీ కనెక్షన్) వాడండి. 100 వాట్లకు అందులో 1 ఆంపియరే పోతుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి నేరుగా ఇస్తే మూడున్నర ఆంపియర్లు, దూరం పెరిగేకొద్దీ పవర్‌లో వైరే సగం తినేస్తుంది. ఒక్కటి, హారన్ దగ్గర ఆ వోల్టేజీని తగ్గించే లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. అది మర్చిపోయి నేనోసారి హారన్ వెనక శబ్దం పుట్టించే యూనిట్ కాల్చాను, మామ రెండ్రోజులు మాట్లాడలేదు. 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడిచే మోడల్ చూసుకోండి, కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ పెట్టొచ్చు.

హారన్‌లో పాట కీచుమంటుంది, నిజమే. భజనలకు పందిట్లో ఓ స్పీకర్ బాక్స్ కూడా పెట్టుకోండి. ఫోన్ పాటలైతే వైరుతోనే కలిపి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మైక్ కూడా పది మీటర్ల వైరున్నదే తీసుకోండి. కాలికి తగులుతోందని పంతులుగారు గొణుగుతారు, గొణగనీయండి.