గల్ఫ్ విమాన సంస్థలు ఇంకా సర్వీసులు వేస్తామంటే మన ప్రభుత్వం ఎందుకు ఆపుతోంది?

మీరు అడిగింది మూడు సంగతులు. కువైట్, దుబాయ్ విమాన సంస్థలు ఇంకా ఎక్కువ సర్వీసులు నడుపుతామంటే కేంద్రం ఎందుకు ఒప్పుకోదన్నది ఒకటి, అసలు ఆ అనుమతి ఎలా వస్తుందన్నది రెండోది, మీ ఊరి విమానాశ్రయానికి గల్ఫ్ విమానాలు ఎందుకు రావన్నది మూడోది. దాని కోసం మీ ఎంపీకి అర్జీ ఇస్తామని కూడా అన్నారు. ఒక గల్ఫ్ విమాన సంస్థ తరఫున ఇక్కడ పని చూసే జీఎస్ఏ కంపెనీలో నేను తొమ్మిదేళ్లు ఉన్నాను. ఐదేళ్లు చెన్నైలో టికెట్ కౌంటర్, నాలుగేళ్లు ఢిల్లీలో ఈ అనుమతుల కాగితాల పని. మాది రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌లో మనిషి లేని ఇల్లు మా వీధిలో లేదు.

ముందు కౌంటర్ దగ్గర చూసింది చెప్తాను. ఒక ఏడాది వేసవి సెలవుల చివర్లో రైల్వే కోడూరు నుంచి ఒకామె వచ్చింది. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. పాస్‌పోర్టు, అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి) కాపీ, ఐదు వందల నోట్లు అన్నీ ఒక పాలిథిన్ కవర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. అప్పటి నియమం ప్రకారం ఆరు నెలల్లోపు తిరిగి వెళ్లకపోతే అకామా పోయేది. ఆమెకి మిగిలింది నాలుగు రోజులు. సిస్టంలో ఆ నాలుగు రోజులూ వెతికాను. తక్కువ రేటు సీట్లన్నీ ఎప్పుడో అయిపోయాయి, మిగిలినవి అన్నిటికంటే పై రేటువి. "అన్నా, రెండు నెలల కింద మా చెల్లెలు ఇందులో సగానికే పోయింది గదా" అంది. బయటికి వెళ్లి ఎవరికో ఫోన్ చేసి, రెండు గంటల తర్వాత ఇంకో ఎనిమిది వేలు పట్టుకొని వచ్చింది. ఎక్కడ తెచ్చిందో నేను అడగలేదు.

ఆ రోజు మా సంస్థ దగ్గర విమానం ఉంది, పైలట్లు ఉన్నారు, ఎక్కడానికి జనం ఉన్నారు. లేనిదల్లా సీట్ల కోటా.

ఈ కోటా ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశం పైనున్న ఆకాశం ఆ దేశానిదే. టైంటేబుల్ ప్రకారం నడిచే విదేశీ విమానం ఆ దేశం అనుమతి లేకుండా రాకూడదు. అందుకే రెండేసి దేశాలు కూర్చొని ఒప్పందం రాసుకుంటాయి. మా ఆఫీసులో దీన్ని బైలేటరల్ అనేవాళ్లం. వారానికి ఎన్ని సీట్లు, ఏయే ఊళ్లకి అన్నది అందులోనే ఉంటుంది. భారత్, కువైట్ మధ్య ఈ లెక్క చాలా ఏళ్లు వారానికి 12,000 సీట్ల దగ్గరే ఆగిపోయింది. ఒక్కో పక్షానికి 12,000. 180 సీట్ల విమానం అనుకుంటే రోజుకి పది సర్వీసులు కూడా కావు. కువైట్ సంస్థలైన కువైట్ ఎయిర్‌వేస్, జజీరా రెండూ ఆ వాటాలోనే సర్దుకోవాలి. కేరళ, ముంబై, ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్ అన్నీ అందులోనే. కువైట్‌లో మనవాళ్లు దాదాపు పది లక్షల మంది. 2025 జూలైలో, 18 ఏళ్ల తర్వాత, ఆ సంఖ్యని 18,000కి పెంచారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ రబ్బరు బ్యాండు వేసిన కవరే.

దుబాయ్‌ది ఇంకా పెద్ద లెక్క. వారానికి దాదాపు 66 వేల సీట్లు, 2014 నుంచి అంతే. ఇంకో 50 వేలు కావాలని 2022లో దుబాయ్ అడిగింది. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. యూఏఈ అంతటికీ కలిపి ఒకే ఒప్పందం కాదు, దుబాయ్‌కి వేరు, అబుదాబికి వేరు, షార్జాకి వేరు. 2013లో అబుదాబి కోటా దాదాపు 50 వేలకి పెరిగింది, దుబాయ్‌ది అలా పెరగలేదు.

ఇక అనుమతి ఎలా వస్తుందన్నది. కోటాలో ఖాళీ ఉంటేనే కథ మొదలవుతుంది. ముందు ఆ విమాన సంస్థ దేశపు ప్రభుత్వం, ఫలానా సంస్థ మా తరఫున నడుపుతుందని దౌత్య మార్గంలో మనకి రాయాలి. దాన్ని డిజిగ్నేషన్ అంటారు. తర్వాత ఆ సంస్థ మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి దరఖాస్తు పెట్టాలి. ఆపరేటర్ సర్టిఫికెట్, యాజమాన్యం నిజంగా ఆ దేశస్థుల చేతిలోనే ఉందన్న రుజువు, ఇన్సూరెన్స్, విమానాల రిజిస్ట్రేషన్ నంబర్లు అన్నీ జత చేయాలి. భద్రతా ప్రణాళికని విమానయాన భద్రత చూసే కేంద్ర సంస్థ బీసీఏఎస్ చూస్తుంది. ఆ పైన విమానాశ్రయంలో స్లాట్, అంటే దిగడానికీ ఎగరడానికీ కేటాయించిన సమయం, దొరకాలి. షెడ్యూళ్లు ఏడాదికి రెండు, వేసవిది మార్చి చివరి ఆదివారం, శీతాకాలానిది అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతుంది. ఆ తేదీ తప్పితే ఆరు నెలల ప్లాన్ మళ్లీ రాసుకోవాల్సిందే.

ఒకసారి మా ఫైల్ కదలకుండా ఉన్న నెలల్లో జత చేసిన ఇన్సూరెన్స్ గడువే అయిపోయింది. కొత్త కాపీ తెప్పించి, మళ్లీ సంతకాలు చేయించి ఇచ్చేసరికి ఒక విమానాన్ని మా సంస్థ లీజుకిచ్చిన కంపెనీకి తిరిగి ఇచ్చేసింది. దాంతో రిజిస్ట్రేషన్ నంబర్ల జాబితా మారింది. మళ్లీ మొదటికి. ఆ వేసవి షెడ్యూల్ మాకు దక్కలేదు. చెన్నై కౌంటర్‌లో ఉన్న నా స్నేహితుడు రోజూ ఫోన్ చేసి "ఏమైంది? జనం అడుగుతున్నారు" అనేవాడు. ఆ రెండు నెలలు పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

మన ప్రభుత్వం వాదనా చెప్పాలి, అందులో నిజం ఉంది. గల్ఫ్ పెద్ద సంస్థలు మన దగ్గర ఎక్కించుకున్న వాళ్లలో చాలామంది దుబాయ్‌లో దిగి ఉండిపోరు, అక్కడ విమానం మారి లండన్‌కో న్యూయార్క్‌కో వెళ్తారు. మన ఊళ్ల నుంచి నేరుగా అంత దూరం విమానం వేద్దామనుకునే మన సంస్థలకి అది దెబ్బే. అందుకే 2016 విమానయాన విధానంలో ఢిల్లీకి 5,000 కిలోమీటర్ల అవతలి దేశాలకీ, సార్క్ దేశాలకీ తలుపులు తెరుస్తామన్నారు, గల్ఫ్ ఆ గీతకి ఇవతలే ఉండిపోయింది. అప్పటి మంత్రి అశోక్ గజపతిరాజు గారు విజయనగరం ఎంపీ, ఇప్పటి మంత్రి రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం ఎంపీ. గల్ఫ్ వలస అంటే ఏమిటో ఇద్దరికీ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

నా అభిప్రాయం ఒక్కటే. విమానం మారి అమెరికా పోయే ప్రయాణికుడినీ, కువైట్‌లో దిగి రెండేళ్లు అక్కడే పని చేసే మనిషినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటివాళ్ల కోసం పోటీ పడాలంటే మన సంస్థలకి కొంత రక్షణ ఇవ్వొచ్చు, కాదనను. కానీ కువైట్ లైన్‌లో ఎక్కువమంది కూలి పనికి పోయి వచ్చేవాళ్లే. అక్కడ సీట్లు బిగించినప్పుడు ఆ భారం మోసేది కోడూరు, రాయచోటి, కోనసీమ ఆడవాళ్లు. అలాంటి లైన్లకి కోటా వేరుగా, ధారాళంగా ఇవ్వాలి. 18,000 కూడా చాలదని నా అనుభవం చెప్తోంది.

మీ ఊరి విమానాశ్రయం గురించి కూడా అడిగారు. రన్‌వే పొడుగ్గా ఉంటే, పేరులో అంతర్జాతీయం అని ఉంటే సరిపోదు. కేరళలో కన్నూర్ విమానాశ్రయం 2018 డిసెంబరులో మొదలైంది, చుట్టుపక్కలంతా గల్ఫ్ కుటుంబాలే. కానీ విదేశీ సంస్థలు దిగే ఊళ్ల జాబితాలో దాని పేరు లేక, ఏళ్ల తరబడి మన సంస్థల మీదే నెట్టుకొచ్చింది. ఆ జాబితాలో పేరుండడాన్నే పాయింట్ ఆఫ్ కాల్ అంటారు. విశాఖ విషయం వేరు, ఆసియాన్ (ఆగ్నేయాసియా కూటమి) దేశాల సంస్థలకి తెరిచిన 18 ఊళ్లలో అది ఉంది. సింగపూర్, కౌలాలంపూర్ విమానాలు అక్కడికి రాగలిగింది అందుకే. గల్ఫ్ సంస్థలకి ఆ తలుపు వర్తించదు.

కాబట్టి మీ ఎంపీకి అర్జీ ఇస్తామన్నారు కదా, అందులో టెర్మినల్ గురించి, రన్‌వే గురించి రాయకండి. కువైట్ ఒప్పందంలో మీ ఊరిని పాయింట్ ఆఫ్ కాల్‌గా చేర్చమని, ఏ దేశమో పేరు పెట్టి మరీ రాయండి. మీ మండలం నుంచి అక్కడ ఎంతమంది ఉన్నారో లెక్క జత చేయండి. మీ దగ్గర ఆ లెక్క లేకపోతే గ్రామ సచివాలయంలో అడిగి చూడండి, లేదంటే ఇంటింటికీ తిరిగి మీరే రాసుకోండి. మా ఊళ్లో నేను అలాగే రాశాను, రెండు ఆదివారాలు పట్టింది.