ఇంజన్‌ను వంచే చేతికి ఎంత బలం కావాలి?

ప్రశ్న: రాకెట్ ఇంజన్‌నే కాస్త పక్కకు వంచి దారి మళ్లిస్తారని చదివాను. అంత బరువైన ఇంజన్‌ను వంచే యాక్చుయేటర్ మీద ఎంత భారం పడుతుందో ముందే ఎలా లెక్కకడతారు?
– పాలిటెక్నిక్ విద్యార్థి, కావలి

జవాబు: కావలిలోనే ఉన్నారు కాబట్టి ఒకసారి జువ్వలదిన్నె రేవుకు వెళ్లండి. పడవ వెనక తగిలించిన ఇంజన్ పిడిని అడిగి పట్టుకోండి. నేను పట్టుకుని చూశాను. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సులువుగా తిరిగింది. వేగం పెంచాక భుజం లాగేసింది. ఇంజన్ బరువు మాత్రం అంతే! అసలు చిక్కు తోపుడుతోనే.

పీఎస్‌ఎల్‌వీ రెండో దశలోని వికాస్ ఇంజన్ అటూ ఇటూ 4 డిగ్రీల దాకా వంగుతుంది. దాని తోపుడు సుమారు 800 కిలోన్యూటన్లు, అంటే 80 టన్నుల బరువంత. ఆ తోపుడు గీత, ఇంజన్ వంగే గింబల్ కీలు మధ్య నుంచి ఒక్క మిల్లీమీటరు తప్పిందా, 800 న్యూటన్ మీటర్ల మెలి పుడుతుంది. మీటరు పొడవు కడ్డీ చివర 80 కిలోల మనిషి వేలాడినట్టు. నేను పాఠం చెప్పిన వర్క్‌షాపులో మిల్లీమీటరును ఎవరూ తేడాగానే లెక్కపెట్టేవారు కాదు.

దీనికి కీలులో రాపిడి, ఇంధన గొట్టాలు వంగడానికి పెట్టిన ముడతల భాగాలు (బెల్లోలు) స్ప్రింగులా వెనక్కి లాగే బలం, ఇంజన్ జడత్వం కలుస్తాయి. అన్నిటి గరిష్ఠాలనూ గుడ్డిగా కూడితే యాక్చుయేటర్ అనవసరంగా బరువెక్కుతుంది. వంపు కొసకు చేరినప్పుడు బెల్లో వెనక్కి లాగడం ఇంజన్‌ను ఆపడానికి సాయమే కదా! అందుకే ఏ క్షణాన ఏది ఎటు లాగుతుందో చూసి కూడాలి.

లెక్కకు సులువుగా లొంగనిది ఇంకొకటుంది. జీఎస్‌ఎల్‌వీ పక్కనుండే ద్రవ ఇంధన ఇంజన్లను శ్రీహరికోటలో నేల మీదే, పైకి లేవడానికి 4.8 సెకన్ల ముందు వెలిగిస్తారు. ఇలా నేల మీద వెలిగే ఇంజన్‌లో పీడనం పూర్తిగా పెరిగేలోపు వేడి వాయువు, తాను బయటికొచ్చే గంటలాంటి నాజిల్ గోడను ఒక పక్క ముందు, మరో పక్క తర్వాత వదిలేస్తుంది. నాజిల్‌ను పక్కనుంచి ఎవరో తన్నినట్టవుతుంది. ఏ వైపు తన్నుతుందో చెప్పలేం. వంచమని ఆజ్ఞ లేకపోయినా యాక్చుయేటర్ ఆ తన్నును ఓర్చుకోవాలి. అందుకే కాగితం మీది అంకెతో సరిపెట్టుకోకుండా, ఇంజన్‌ను పరీక్షా వేదికపై మండించి బలాలను కొలుస్తారు.

రేవులో ఇంజన్ తాడు లాగే మనిషి రెండో చెయ్యి ఎక్కడుందో గమనించండి. నేను చూసిన కుర్రాడు, తాడు లాగేముందే పిడిని గట్టిగా అదిమి పట్టుకున్నాడు.