అటామిక్ అన్నంత మాత్రాన సరిపోదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి: లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోసం రస్ట్ భాషలో కోడ్ రాసేటప్పుడు అటామిక్‌లు, అంటే ఒకేసారి చాలామంది తాకినా విలువ సగం సగం కనబడని వేరియబుల్స్, ఎలా వాడాలి అని. అందుకే పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ఉద్యోగంలో చేరి ఏడాదైంది. లినక్స్ కెర్నెల్‌కి రస్ట్‌లో డ్రైవర్ రాసే పని ఇచ్చారు. రస్ట్‌లో ఎలాగూ అటామిక్ టైపులు ఉన్నాయని వాటినే వాడాను. మా సీనియర్ తీసేయమన్నారు, కెర్నెల్ అటామిక్కే వాడాలన్నారు. ఎందుకని అడిగితే రూల్ అన్నారు. రెండింటికీ తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ సీనియర్ చెప్పింది కరెక్టే. కానీ కారణం తెలియకుండా పాటించిన రూల్ రెండో ప్రాజెక్టుకల్లా మర్చిపోతాం. అందుకని ముందు నాకు జరిగింది చెబుతాను.

2012లో ఒక సెట్-టాప్ బాక్స్ డ్రైవర్ మీద పనిచేశాను. రెండు కోర్ల ఏఆర్ఎం ప్రాసెసర్ ఉన్న బోర్డు. ఒక కోర్ వీడియో ఫ్రేమ్ ఎక్కడుందో, పొడవెంతో ఒక డిస్క్రిప్టర్‌లో రాసి, ఆ తర్వాత ‘రెడీ’ అనే అటామిక్‌లో 1 పెడుతుంది. రెండో కోర్ ఆ 1 కనబడగానే డిస్క్రిప్టర్ చదువుకుంటుంది. ఇదే లాజిక్‌ని ఆఫీసులో ఇంటెల్ మెషీన్ మీద వారం రోజులు ఆపకుండా నడిపాం, ఒక్క తప్పు రాలేదు. బోర్డు మీద మాత్రం నాలుగైదు గంటలకోసారి తెర మీద చారలు పడేవి. లాగ్ తీసి చూస్తే ‘రెడీ’ 1 అయ్యే ఉంది, ఫ్రేమ్ అడ్రస్ కొత్తదే, పొడవు మాత్రం అంతకుముందు ఫ్రేమ్‌ది.

కోడ్‌లో ‘రెడీ’ అటామిక్కే. కానీ కెర్నెల్ సి కోడ్‌లో అటామిక్‌లో విలువ పెట్టే మామూలు ఫంక్షన్ ఒక్క మాటే ఇస్తుంది: ఆ విలువ సగం సగం కనబడదు అని. దానికి ముందు చేసిన రాతలు అవతలి కోర్‌కి ముందే కనబడతాయని ఎక్కడా మాటివ్వదు. ఇంటెల్ ప్రాసెసర్ ఒక రాత తర్వాత ఇంకో రాతను అదే వరసలో బయటికి పంపుతుంది కాబట్టి అక్కడ మా తప్పు దాగిపోయింది. ఏఆర్ఎంకి ఆ కట్టుబాటు లేదు. రాసేవైపు ఒక రైట్ బ్యారియర్, చదివేవైపు ఒక రీడ్ బ్యారియర్ (వరస మారకుండా ఆపే ఆజ్ఞలు) పెట్టాక చారలు పోయాయి. రెండే లైన్లు. అవి కనుక్కోవడానికి ముగ్గురికి పదకొండు రోజులు పట్టింది.

ఆ ఫైలును నలుగురు రివ్యూ చేశారు. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే అనుమానించడానికి అక్కడ పదమే లేదు. రస్ట్‌లో అయితే ఏ ఆర్డరింగ్ (చుట్టూ ఉన్న మెమరీ పనుల వరసకి ఎంత హామీ) కావాలో ప్రతిచోటా చేత్తో రాయాల్సిందే. ‘రెడీ’ పక్కన ‘రిలాక్స్‌డ్’ (వరసకి హామీ లేదు) అని రాసి ఉంటే నలుగురిలో ఒకరైనా ఆగి, ఇక్కడ ‘రిలీజ్’ (ముందు రాతలు ముందే కనబడాలి) ఉండాలి కదా అని అడిగేవారని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. రస్ట్ సొంత అటామిక్స్ సి ప్లస్ ప్లస్ 20 మెమరీ మోడల్‌ని (ఏ రాత ఎవరికి ఎప్పుడు కనబడాలో చెప్పే రూల్ బుక్) అనుసరిస్తాయి. లినక్స్ కెర్నెల్‌కి తన సొంత మెమరీ మోడల్ ఉంది. 2018లో 4.17 వెర్షన్‌తో అది కెర్నెల్ సోర్స్‌లోనే చేరింది. మీ డ్రైవర్ ఒంటరిగా బతకదు. మీరు రాసిన విలువను సి కోడ్ చదువుతుంది, సి రాసింది మీరు చదువుతారు. ఒకే మెమరీ మీద ఇద్దరు రెండు రూల్ బుక్కులు పట్టుకుని నడిస్తే, ఇద్దరి మధ్య ఏది ముందో ఏది వెనకో చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు. ఉదాహరణకు కెర్నెల్‌లో ‘ఫుల్’ ఆర్డరింగ్ అంటే ఆ ఆపరేషన్‌కి ముందున్న మెమరీ పనులన్నీ ముందు, తర్వాతవన్నీ తర్వాత. రస్ట్‌లో దానికి దగ్గరగా కనిపించే ‘సీక్వెన్షియల్లీ కన్సిస్టెంట్’ ఆ గట్టి హామీ ఇవ్వదు. అలాంటి ఆపరేషన్లన్నిటికీ కలిపి ఒకే వరస ఉంటుందని మాత్రం చెబుతుంది. అందుకే కెర్నెల్ రస్ట్‌లో ఆ పేరే పెట్టుకోలేదు. అక్కడున్నవి నాలుగు: రిలాక్స్‌డ్, అక్వైర్ (రిలీజ్‌కి చదివేవైపు జోడీ), రిలీజ్, ఫుల్.

ఇంకా తేలిగ్గా కళ్లకు కట్టే కారణం ఒకటుంది. 64 బిట్ల అటామిక్ చేసే ఇన్‌స్ట్రక్షన్ లేని 32 బిట్ల ప్రాసెసర్లు ఉన్నాయి. వాటి కోసం కెర్నెల్ లోపల స్పిన్‌లాక్ (ఒకరి పని అయ్యేదాకా మరొకరిని ఆపే తాళం) పట్టుకుని ఆ పని చేస్తుంది. అలాంటి చోట రస్ట్ వైపు 64 బిట్ల అటామిక్ టైప్ అసలు ఉండదు. పోనీ ఎలాగో మనమే ఇంకో దారిలో చేశామనుకుందాం. సి లాక్ పట్టుకుని రాస్తోంది, మనం లాక్ లేకుండా రాస్తున్నాం. విడివిడిగా ఇద్దరూ అటామిక్కే, కలిస్తే కాదు. కెర్నెల్ రస్ట్ అటామిక్స్ లోపల్లోపల సి ఫంక్షన్లనే పిలవడానికి ఇదీ ఒక కారణం. దానివల్ల కొన్నిచోట్ల ఒక ఫంక్షన్ కాల్ ఖర్చు అదనంగా పడుతుంది. నా దృష్టిలో ఆ ఖర్చు పెట్టుకోవాల్సిందే.

ప్రశ్న: నమస్తే మేడమ్. కెర్నెల్ 6.18లో రస్ట్‌కి జెనరిక్ అటామిక్ వచ్చిందని చదివాను. జెనరిక్ అంటే నా సొంత ఈనమ్ (ఎంచిన కొన్ని విలువలే ఉండే టైప్), నా సొంత స్ట్రక్ట్ (కొన్ని ఫీల్డుల కట్ట) ఏదైనా పెట్టుకోవచ్చా? సైజు 4 బైట్లో 8 బైట్లో ఉంటే చాలా?
– బీటెక్ చివరి సంవత్సరం విద్యార్థిని, వరంగల్

జవాబు: సైజు సరిపోతే చాలదమ్మా. చాలా మంచి చోట వేలు పెట్టావు, ఈ డిజైన్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

నీ డివైస్‌కి మూడు స్థితులున్నాయనుకో: ఆగి ఉంది 0, మొదలవుతోంది 1, నడుస్తోంది 2. దీన్ని 32 బిట్ల సంఖ్య రూపంలో ఉండే ఈనమ్‌గా రాస్తే అటామిక్‌లో పెట్టొచ్చు. షరతులివి: ఆ సంఖ్యకున్న సైజే నీ టైప్‌కీ ఉండాలి, అలైన్‌మెంట్ (మెమరీలో ఎన్ని బైట్ల గుణిజం దగ్గర మొదలవ్వాలన్నది) కూడా అదే కావాలి, నీ టైప్‌లోని ప్రతి విలువా సంఖ్యగా మారి మళ్లీ అదే విలువగా తిరిగి రావాలి. ఇటు నుంచి వెళ్లింది క్షేమంగా వెనక్కి వస్తే చాలు. అటు వైపున్న 7, 8, 9 అన్నీ నీ ఈనమ్‌లోకి రావాలన్న పట్టింపు లేదు.

ఆ వెసులుబాటు ఇచ్చినందుకు ఒక జాగ్రత్త తప్పనిసరైంది. ‘నడుస్తోంది’కి 1 కలిపితే 3 వస్తుంది. నీ ఈనమ్‌లో 3 అనే స్థితే లేదు. రస్ట్‌లో అలాంటి విలువ పుట్టడమే అన్‌డిఫైన్డ్ బిహేవియర్. ఇక ఆ తర్వాత కంపైలర్ ఏం చేసినా అడిగే హక్కు మనకుండదు. అందుకే లోడ్, స్టోర్, ఎక్స్ఛేంజ్, కంపేర్-ఎక్స్ఛేంజ్ (పాత విలువ అనుకున్నదే అయితేనే మార్చడం) ఒక ట్రెయిట్‌కి (టైప్ ఏ పనులు చేయగలదో చెప్పే ఒప్పందం), కూడిక వేరే ట్రెయిట్‌కి ఇచ్చారు. నీ ఈనమ్‌కి మొదటిది ఇచ్చుకో, రెండోది ఇవ్వకు. అప్పుడు పొరపాటున ఎవరైనా 1 కలపబోతే కోడ్ బిల్డే కాదు.

ఇక స్ట్రక్ట్. ఒక బైటు ఫీల్డు, దాని తర్వాత రెండు బైట్ల ఫీల్డు, మొత్తాన్ని 4 బైట్లకి అలైన్ చేశావనుకో. లెక్కకి 4 బైట్లు సరిపోయాయి. కానీ రెండు ఫీల్డుల మధ్య ఒక బైటు ఖాళీ. దానిలో ఏముందో ఎవరూ రాయలేదు. కంపేర్-ఎక్స్ఛేంజ్‌కి నీ ఫీల్డులు తెలియవు, నాలుగు బైట్లూ కలిపి పోలుస్తుంది. రెండు ఫీల్డులూ సమానమే అయినా ఖాళీ బైటులో చెత్త వేరుగా ఉంటే ‘కాదు, మారిపోయింది’ అంటుంది. అసలు అంతకన్నా ముందే, ఎవరూ రాయని బైటును సంఖ్యలో భాగంగా చదవడమే రస్ట్‌లో తప్పు. కాబట్టి ఆ ఖాళీలో నువ్వే ఒక ఫీల్డు పెట్టి 0 రాయాలి, లేదా రెండింటినీ షిఫ్ట్ చేసి ఒక మామూలు సంఖ్యలో సర్దుకోవాలి. నేనైతే రెండోదే చేస్తాను.

ఈ షరతులన్నీ కంపైలర్ తనంతట తాను తనిఖీ చేయలేదు. అందుకే ఆ ట్రెయిట్‌ని అన్‌సేఫ్ (సరిచూసే బాధ్యత రాసేవాళ్లదే) అని పెట్టారు. నీ టైప్‌కి అది రాసేటప్పుడు పైన ‘సేఫ్టీ’ కామెంట్‌లో ఎందుకు సరైనదో రాయాలి. ‘సైజు సరిపోయింది’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకు. అలైన్‌మెంట్, ఖాళీ బైట్లు, తిరిగి రావడం, మూడూ రాయి.

ఆర్డరింగ్ విషయంలోనూ ఇదే పద్ధతి. మామూలు రస్ట్‌లో ఆర్డరింగ్ ఒక విలువ. లోడ్‌కి ‘రిలీజ్’ ఇవ్వడం అర్థం లేని పని. నేరుగా రాస్తే కంపైలర్ పట్టుకుంటుంది, వేరియబుల్‌లో పెట్టి పంపితే మాత్రం ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పానిక్ అవుతుంది, అంటే ముందుకెళ్లలేక అక్కడే ఆగిపోతుంది. మన యాప్‌లో పానిక్ అయితే యాప్ పోతుంది. కెర్నెల్‌లో పానిక్ అయితే మెషీనే పోవచ్చు. అందుకే అక్కడ ఒక్కో ఆర్డరింగ్‌నీ ఒక్కో టైప్‌గా చేశారు. లోడ్ ‘అక్వైర్’నో ‘రిలాక్స్‌డ్’నో తప్ప ఇంకోదాన్ని తీసుకోదు. తప్పు నీ టేబుల్ దగ్గరే, బిల్డ్‌లోనే ఆగిపోతుంది.

కూడిక గురించి ఇంకో మాట. సంఖ్యల అటామిక్‌లో కూడిక హద్దు దాటితే చుట్టు తిరిగి వెనక్కి వస్తుంది. ప్యాకెట్ల లెక్కకి ఫర్వాలేదు. ఒక వస్తువుని ఎంతమంది వాడుతున్నారన్న లెక్కకి మాత్రం ప్రాణాంతకం. 2016 జనవరిలో బయటపడిన సీవీఈ-2016-0728 (సీవీఈ అంటే భద్రతా లోపానికిచ్చే నంబరు) అదే. కెర్నెల్ కీరింగ్ (రహస్య కీలు దాచే భాగం) కోడ్‌లో ఒక దారిలో లెక్క పెరగడమే తప్ప తగ్గేది కాదు. 32 బిట్ల లెక్క కాబట్టి 4,29,49,67,296 సార్లు పెంచితే మళ్లీ 0కి వస్తుంది. ఎవరూ వాడట్లేదనుకుని కెర్నెల్ ఆ మెమరీని విడిచిపెట్టేస్తుంది, వాడేవాళ్లు మాత్రం ఇంకా ఉంటారు. అక్కడి నుంచి మామూలు యూజర్ రూట్ (మెషీన్ మీద సర్వాధికారి) కాగలిగాడు. 2017లో 4.11తో వచ్చిన రిఫ్‌కౌంట్ టైప్ అలా చుట్టు తిరగదు, ఒకచోట బిగుసుకుపోతుంది. కొంత మెమరీ వృథా అవుతుంది గానీ తలుపు తెరుచుకోదు. కెర్నెల్ రస్ట్‌లోని ఆర్క్ (ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే పాయింటర్) కూడా దాన్నే వాడుతుంది. జెనరిక్ అటామిక్ చేతికొచ్చింది కదా అని రిఫరెన్స్ లెక్కని సొంతంగా రాసుకోకు.

ప్రశ్న: నా దగ్గర ఇంటెల్ ల్యాప్‌టాప్ ఒక్కటే ఉందండీ. ఈ ఆర్డరింగ్ తప్పులు ఇంట్లో ఎలా చూడాలి? క్యూఈఎంయూలో (వేరే ప్రాసెసర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) ఏఆర్ఎం నడిపితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: క్యూఈఎంయూని నమ్ముకోవద్దండీ. దాని అడుగున పనిచేసేది మీ ఇంటెల్ ప్రాసెసరే. మెమరీ మోడల్ ప్రకారం ఏయే ఫలితాలు సాధ్యమో లెక్కించే హెర్డ్7 అనే ఉచిత టూల్ వేసుకోండి. కెర్నెల్ సోర్స్‌లో టూల్స్ కింద మెమరీ-మోడల్ ఫోల్డర్ ఉంటుంది, దానిలో లిట్మస్ టెస్టులని చిన్న చిన్న ఫైళ్లుంటాయి. ‘ఎంపీ’తో మొదలయ్యేవి తీయండి. నేను పైన చెప్పిన ‘రెడీ’ కథ అచ్చంగా అదే: ఒకరు డేటా రాసి జెండా ఎత్తుతారు, ఇంకొకరు జెండా చూసి డేటా చదువుతారు. ఆర్డరింగ్ లేని ఫైలు నడిపితే పాత డేటా కనబడే అవకాశానికి ‘సమ్‌టైమ్స్’ అని వస్తుంది. రిలీజ్, అక్వైర్ ఉన్న ఫైలు నడిపితే ‘నెవర్’ అని వస్తుంది. ఆ రెండో ఫైల్లో రిలీజ్ ఒక్కటి తీసేసి దాని చోట ‘రైట్-వన్స్’ పెట్టి నడపండి, తర్వాత రిలీజ్‌ని మళ్లీ పెట్టి, అక్వైర్ చోట ‘రీడ్-వన్స్’ పెట్టి నడపండి. రెండుసార్లూ ‘సమ్‌టైమ్స్’ అనే వస్తుంది.